‘కూడదు’ వేరు, ‘అక్కర్లేదు’ వేరు: ఇంగ్లీషులో ఈ రెంటినీ కలిపెయ్యకుండా రాయడం ఎలా

పొద్దున్నే చేసే షుగర్ పరీక్ష చీటీ మీద ‘యూ మస్ట్ నాట్ ఈట్ ఫర్ ఎయిట్ అవర్స్ బిఫోర్ ది టెస్ట్’ అని ఉంటే, ముందు ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షకి ‘యూ డోంట్ హావ్ టు ఫాస్ట్’ అంటారు. అంటే పరగడుపున రానక్కర్లేదు, టిఫిన్ తిని రావచ్చు. ఈ రెండు వాక్యాల్లో ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటే మొదటి పరీక్ష ఫలితం తప్పొస్తుంది, రెండోదానికి ముసలివాళ్ళు ఊరికే ఆకలితో కూర్చుంటారు.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ళల్లో ఈ తేడా తెలియడం మరీ అవసరం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా చక్కగా నడుస్తాయి గానీ, చాలామంది పెద్దవాళ్ళకి ఒడియా మాట్లాడ్డం వచ్చినంతగా చదవడం రాదు. చీటీ గానీ ఫారం గానీ నోటీసు గానీ ఇంగ్లీషులో ఉంటే హైస్కూల్లో చదివే పిల్లే చదివి చెబుతుంది. ఆ పిల్ల ‘మస్ట్ నాట్’ చూసి ‘అక్కర్లేదంట’ అని చెబితే సరిదిద్దేవాళ్ళు ఇంట్లో ఉండరు.

మన ‘చెయ్యాలి’ దగ్గర మొదలుపెడదాం. ‘చెయ్యాలి కాదు’ అని ఎవరూ అనరు. చెయ్యాలి అన్నదాన్ని కాదనాలంటే తెలుగులో రెండు దారులున్నాయి: ‘చెయ్యకూడదు’, ‘చెయ్యక్కర్లేదు’. ఏది అనాలో మూడేళ్ళ పిల్లాడికీ తెలుసు. పొయ్యి ముట్టుకోకూడదు అంటాడు, ముట్టుకోనక్కర్లేదు అనడు. ఇంగ్లీషులోనూ సరిగ్గా రెండే దారులు. అయినా తప్పులు ఎందుకొస్తాయంటే, మామూలు వాక్యంలో ‘మస్ట్’, ‘హావ్ టు’ దాదాపు ఒకే అర్థం ఇస్తాయి. ‘యూ మస్ట్ గో’ అన్నా ‘యూ హావ్ టు గో’ అన్నా వెళ్ళాలి అనే. అందుకని వాటికి ‘నాట్’ తగిలించినా ఒకటే అవుతుందనుకుంటారు. కానీ ‘నాట్’ రాగానే రెండూ చెరో దారి పడతాయి. ‘యూ మస్ట్ నాట్ గో’ అంటే వెళ్ళకూడదు. ‘యూ డోంట్ హావ్ టు గో’ అంటే వెళ్ళక్కర్లేదు.

కారణం ‘నాట్’ దేనికి అంటుకుందన్న దాంట్లో ఉంది. ‘మస్ట్ నాట్ గో’లో అది ‘గో’కి అంటుకుంది. వెళ్ళకుండా ఉండటం, అది తప్పనిసరి. తెలుగులో ‘వెళ్ళకుండా ఉండాలి’ అని విడదీసి చూస్తే ‘ఉండాలి’ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, అదే ‘మస్ట్’. ‘డోంట్ హావ్ టు గో’లో కాదన్నది ‘హావ్ టు’ని, అంటే ఆ తప్పనిసరినే తీసేశాం. ‘వెళ్ళాల్సిన పని లేదు’. ఈ ఒక్క సంగతి మనసుకి పట్టాక మిగతా చాలా రూపాలు వాటంతటవే దారిలో పడతాయి.

వాక్యం రాసేముందు ఒక పరీక్ష పెట్టుకోండి. తెలుగు వాక్యం చివర ‘కావాలంటే చేసుకోవచ్చు’ అని కలపండి. అతికితే ‘డోంట్ హావ్ టు’ వైపు వెళ్ళండి. అతక్కపోతే ‘చేస్తే తప్పు’ అని కలిపి చూడండి, అది అతికితే ‘మస్ట్ నాట్’ వైపు. గుణుపురం ప్యాసింజర్‌కి ముందుగా రిజర్వేషన్ చేయించనక్కర్లేదు. కావాలంటే అన్నది వాక్యం అర్థానికి అడ్డు రాదు కాబట్టి ‘యూ డోంట్ హావ్ టు రిజర్వ్ ఎ సీట్’. పట్టాలు దాటకూడదు, ‘కావాలంటే దాటొచ్చు’ అంటే అర్థమే తిరగబడింది. కాబట్టి ‘యూ మస్ట్ నాట్ క్రాస్ ది ట్రాక్స్’. ఐదేళ్ళలోపు పిల్లలకి విడిగా బెర్త్ అడక్కపోతే టికెట్ కొననక్కర్లేదు: ‘యూ డోంట్ హావ్ టు బై ఎ టికెట్ ఫర్ ఎ చైల్డ్ అండర్ ఫైవ్’. ఇక్కడ ‘మస్ట్ నాట్ బై’ అని రాస్తే కొనడమే నేరం అయిపోతుంది.

పిల్లలకి నేర్పేటప్పుడు ‘నిషేధార్థకం’, ‘అనావశ్యకత’ లాంటి పుస్తకం మాటలు తీసుకురావద్దు. కూడదు, అక్కర్లేదు అని ఇంట్లో అనే మాటలే చాలు. వాడుక భాషలోనే చదువు సాగాలని గిడుగు రామమూర్తి పంతులు పట్టుబట్టింది పర్లాకిమిడిలో పాఠాలు చెబుతున్న రోజుల నుంచే. ఈ వ్యాకరణ పాఠానికి ఆ పద్ధతి సరిగ్గా సరిపోతుంది. ఒడియా బాగా వచ్చిన పిల్లలకి ఇంకో ఆసరా కూడా ఉంది. ‘మనా’ అంటే కూడదు, ‘దరకార్ నాహిఁ’ అంటే అక్కర్లేదు, అక్కడా తేడా స్పష్టమే. జాగ్రత్తపడాల్సింది హిందీలో ఆలోచించేటప్పుడు. ‘నహీ జానా హై’ అన్నది సందర్భాన్ని బట్టి వెళ్ళక్కర్లేదనీ అవుతుంది, వెళ్ళకూడదనీ అవుతుంది. హిందీ మీదుగా ఇంగ్లీషులోకి వెళ్ళే పిల్లలు ఎక్కువగా ఇక్కడే జారుతారు.

రూపాలు కట్టడం

‘మస్ట్ నాట్’ కట్టడం తేలిక. ఎవరైనా ఒకటే రూపం: ఐ, హి, దే అన్నిటికీ ‘మస్ట్ నాట్’, తర్వాత క్రియ మొదటి రూపం. మధ్యలో ‘టు’ రాదు. ‘మస్ట్ నాట్ టు టచ్’ తప్పు, ‘డోంట్ మస్ట్ టచ్’ కూడా తప్పు. కుదించి పలికేటప్పుడు మధ్యలో ఉన్న ‘ట్’ వినపడదు, ‘మసంట్’ అంటారు. రాసేటప్పుడు మాత్రం ఆ అక్షరం ఉండి తీరాలి.

‘హావ్ టు’తోనే తంటా. దీన్ని కాదనాలంటే ‘డూ’ సాయం కావాలి: ఐ, యూ, వి, దే అయితే ‘డోంట్ హావ్ టు’, హి, షి, ఇట్ అయితే ‘డజంట్ హావ్ టు’. ‘డజ్’ వచ్చిందంటే దానిలోనే గుర్తు ఉంది కాబట్టి తర్వాత ‘హాజ్’ రాదు. ‘షి డజంట్ హాజ్ టు’ అని రాయడం మన వైపు పరీక్ష పేపర్లలో ఎక్కువగా కనిపించే తప్పు. దాని తోబుట్టువు ‘డిడంట్ హాడ్ టు’. ‘డిడ్’లో గతం వచ్చేసింది, మళ్ళీ ‘హాడ్’ దేనికి? ‘డిడంట్ హావ్ టు’ అనే రాయాలి. జరగబోయేదానికి ‘వోంట్ హావ్ టు’. ‘హాజ్ నాట్ టు గో’, ‘హావ్ నాట్ టు గో’ అని నేరుగా ‘నాట్’ పెట్టడం ఇప్పటి ఇంగ్లీషులో నడవదు. మధ్యలో ‘గాట్’ ఉంటే, అంటే ‘హావంట్ గాట్ టు గో’ అంటే బ్రిటిష్ వాళ్ళ మాటల్లో సరైనదే.

తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది. ‘ఫారం టైపు చెయ్యక్కర్లేదు’, ‘ఫారం మడవకూడదు’. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఎవరో ఒకర్ని ముందు నిలబెట్టాలి. చదివేవాళ్ళతోనే చెబుతుంటే ‘యూ’ పెట్టండి. అలా కాదనుకుంటే ఫారంనే కర్త చేసి ‘బి’ కలపండి: ‘ది ఫారం డజంట్ హావ్ టు బి టైప్డ్’, ‘ది ఫారం మస్ట్ నాట్ బి ఫోల్డెడ్’. ‘బి’ మర్చిపోతే ఫారమే కూర్చుని టైపు చెయ్యక్కర్లేదు అన్న అర్థం వస్తుంది.

నీడ్ నాట్, డోంట్ నీడ్ టు

అక్కర్లేదుకి ఇంకో జత ఉంది: ‘నీడ్ నాట్’, ‘డోంట్ నీడ్ టు’. వీటిని సగం సగం కలపడం వల్లే తప్పులన్నీ వస్తాయి. ‘నీడ్ నాట్’ అన్నప్పుడు ‘నీడ్’ది ‘మస్ట్’ లాంటి బతుకు. ‘టు’ రాదు, ‘ఎస్’ చేరదు. ‘హి నీడ్ నాట్ కమ్’. ‘డోంట్ నీడ్ టు’ అన్నప్పుడు అది మామూలు క్రియ. ‘డజ్’ మారుతుంది, ‘టు’ వచ్చి తీరాలి. ‘హి డజంట్ నీడ్ టు కమ్’. ‘నీడ్ నాట్ టు కమ్’ అన్నది మన దేశంలో అర్జీల్లోనూ ఆఫీసు ఉత్తరాల్లోనూ బాగా తిరుగుతున్నా సరైనది కాదు. ‘టు’ కొట్టెయ్యండి చాలు.

నోటితో చెప్పేటప్పుడు వచ్చే ఇంకో తప్పు ‘యూ నో నీడ్ టు కమ్’. ‘నువ్వు రావాల్సిన అవసరం లేదు’ అన్నదాన్ని ముక్కముక్కగా పేర్చితే పుట్టేది ఇదే. ‘నో నీడ్’ని ఉంచుకోవాలంటే ‘యూ’ని తీసెయ్యండి: ‘నో నీడ్ టు కమ్’ లేదా ‘దేర్ ఈజ్ నో నీడ్ టు కమ్’. ‘యూ’ని ఉంచుకోవాలంటే ‘యూ డోంట్ నీడ్ టు కమ్’. రెండూ ఒక వాక్యంలో ఇమడవు.

ఇక ‘మస్ట్ ఐ’ అని అడిగిన ప్రశ్నకి జవాబు. ‘మస్ట్ ఐ సైన్ హియర్?’ అంటే ‘ఎస్, యూ మస్ట్’. కాదనాలంటే చాలామంది ‘నో, యూ మస్ట్ నాట్’ అంటారు. అడిగింది సంతకం పెట్టాలా అని, చెప్పింది పెట్టకూడదని. సరైన జవాబు ‘నో, యూ నీడంట్’ లేదా ‘నో, యూ డోంట్ హావ్ టు’. ప్రశ్నలో ఉన్న మాటే జవాబులోనూ రావాలన్న అలవాటు ఇక్కడ దెబ్బకొడుతుంది.

కూడదు అనడానికి ‘మస్ట్ నాట్’ ఒక్కటే కాదు

మాటల్లో ‘మస్ట్ నాట్’ కాస్త బరువుగా వినిపిస్తుంది. ఎదుటి మనిషితో ఇక్కడ బండి పెట్టకూడదు అనాలంటే ఇంగ్లీషువాళ్ళు ‘యూ కాంట్ పార్క్ హియర్’ అంటారు, లేదా ‘యూ ఆర్ నాట్ అలౌడ్ టు పార్క్ హియర్’. రూలు ఉంది గానీ జనం పెద్దగా పట్టించుకోరు అన్న చోట ‘యూ ఆర్ నాట్ సపోజ్డ్ టు పార్క్ హియర్’. ఈ మూడోదాన్ని ‘డోంట్ హావ్ టు’తో కలపకండి. ‘సపోజ్డ్ టు’కి ‘నాట్’ పెడితే వచ్చేది కూడదే. ‘డి’ వదిలేసి ‘సపోజ్ టు’ అని రాయడం కూడా తప్పే. వద్దు అన్న మాటకి ఇవేవీ అక్కర్లేదు, ‘డోంట్’ చాలు. ‘వెళ్ళొద్దు’ అంటే ‘డోంట్ గో’. బోర్డు మీద ‘పొగ తాగరాదు’ అన్నదానికి ‘నో స్మోకింగ్’ అనే రాస్తారు.

సలహా స్థాయిలో కూడదు అనాలంటే ‘షుడ్ నాట్’. చట్టం లేదు, ప్రమాదమూ లేదు, చెయ్యకపోతే మంచిదంతే. పరీక్ష ముందురోజు అర్ధరాత్రి దాకా మెలకువగా ఉండకూడదు: ‘యూ షుడ్ నాట్ స్టే అప్ లేట్’. ‘ఆట్ నాట్ టు’ది కూడా అదే అర్థం, కానీ దీనికి మాత్రం ‘టు’ కావాలి. వెళ్ళకపోతేనే మంచిది, వెళ్తే ఇబ్బంది అని కొంచెం హెచ్చరికగా అనాలంటే ‘యూ హాడ్ బెటర్ నాట్ గో’. ఇందులో ‘నాట్’ చోటు చూసుకోవాలి. ‘హాడ్ నాట్ బెటర్’ కాదు, ‘బెటర్’ తర్వాతే. ‘హాడ్’ ఉన్నా అది గతం కాదు.

ఇంకో చిన్న అలవాటు. ‘నువ్వు వెళ్ళకూడదనుకుంటున్నాను’ అన్నప్పుడు తెలుగులో కాదనడం ‘వెళ్ళకూడదు’ దగ్గర ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ముందుకు లాగి ‘ఐ డోంట్ థింక్ యూ షుడ్ గో’ అంటారు. ‘ఐ థింక్ యూ షుడ్ నాట్ గో’ తప్పేమీ కాదు గానీ కటువుగా వినిపిస్తుంది.

జరిగిపోయిన వాటి గురించి

గట్టిగా కూర్చుని నేర్చుకోవాల్సింది ఈ భాగమే. ‘మస్ట్ నాట్’కి సొంతంగా గతం లేదు. నిన్న లోపలికి వెళ్ళకూడదన్నారు అంటే ‘వి వర్ నాట్ అలౌడ్ టు గో ఇన్’ లేదా ‘వి కుడంట్ గో ఇన్’. కొంతమంది ‘మస్ట్ నాట్ హావ్ గాన్’ అని రాసి, వెళ్ళి ఉండకూడదు అని చెప్పామనుకుంటారు. అది పూర్తిగా వేరే వాక్యం. ‘హి మస్ట్ నాట్ హావ్ గాన్’ అంటే అతను వెళ్ళి ఉండడు అన్న ఊహ. అది కూడా అమెరికా వాళ్ళ వాడుకలోనే ఎక్కువ, బ్రిటిష్ వాళ్ళు అదే ఊహకి ‘హి కాంట్ హావ్ గాన్’ అంటారు. వెళ్ళి ఉండకూడదు, వెళ్ళి తప్పు చేశాడు అనాలంటే ‘హి షుడ్ నాట్ హావ్ గాన్’.

అక్కర్లేదు వైపు గతంలో రెండు వాక్యాలున్నాయి, వాటి మధ్య తేడా సన్నది. ‘వి డిడంట్ హావ్ టు గో టు విశాఖ’ అంటే విశాఖ వెళ్ళాల్సిన అవసరం పడలేదు. సాధారణంగా వెళ్ళలేదనే అర్థం చేసుకుంటాం గానీ, వెళ్ళారో లేదో వాక్యం తేల్చి చెప్పదు. ‘వి నీడంట్ హావ్ గాన్ టు విశాఖ’ అంటే వెళ్ళారు, తీరా వెళ్ళాక అనవసరమని తేలింది. బరంపురం ఆసుపత్రిలోనే ఆ స్కాన్ చేస్తారని ముందే తెలిసి ఆగిపోతే మొదటిది రాయాలి. రాత్రంతా ప్రయాణం చేసి విశాఖ వెళ్ళి డబ్బు కట్టాక తెలిస్తే రెండోది. తెలుగులో ‘అనవసరంగా’ అన్న మాట సహజంగా వచ్చి కూర్చునే చోట ‘నీడంట్ హావ్’ పెట్టుకోండి. అనవసరంగా వండాను, ఎవరూ రాలేదు: ‘ఐ నీడంట్ హావ్ కుక్డ్’. తర్వాత వచ్చేది క్రియ మూడో రూపమని మర్చిపోవద్దు. ‘నీడంట్ హావ్ గో’, ‘నీడంట్ హావ్ వెంట్’ రెండూ తప్పే.

ఒకరు చెప్పింది మళ్ళీ చెప్పేటప్పుడు ‘మస్ట్ నాట్’ని అలాగే ఉంచొచ్చు: ‘షి సెడ్ వి మస్ట్ నాట్ టచ్ ఇట్’. ‘డోంట్ హావ్ టు’ మాత్రం ‘డిడంట్ హావ్ టు’ అవుతుంది.

ఆఫీసు కాగితాల్లో

నోటిఫికేషన్లలో, బ్యాంకు ఫారాల్లో ఈ మాటలు వేషం మార్చుకుని వస్తాయి. ‘షల్ నాట్’ కనిపిస్తే అది చట్టం గొంతు, గట్టిగా కూడదు అని. ‘నాట్ మాండేటరీ’, ‘ఆప్షనల్’ అంటే అక్కర్లేదు. కళ్ళు పెట్టి చదవాల్సింది ‘రిక్వైర్డ్’ ఉన్నచోట. ‘అప్లికెంట్స్ ఆర్ నాట్ రిక్వైర్డ్ టు అటాచ్ ఒరిజినల్స్’ అంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు జతచెయ్యక్కర్లేదు. ‘అప్లికెంట్స్ ఆర్ రిక్వైర్డ్ నాట్ టు అటాచ్ ఒరిజినల్స్’ అంటే జతచెయ్యకూడదు. ఉన్న మాటలు అవే, ‘నాట్’ ఒక్క అడుగు జరిగింది. ‘రిక్వైర్డ్’కి ముందుంటే అవసరాన్నే తీసేసింది, తర్వాత ఉంటే పనినే ఆపేసింది. ‘మస్ట్ నాట్’, ‘డోంట్ హావ్ టు’ దగ్గర చూసిన లెక్కే ఇది.

పోటీ పరీక్షల ఖాళీల్లో జవాబు తరచుగా పక్క వాక్యంలో దొరుకుతుంది. ఖాళీ తర్వాత ప్రమాదమో నియమమో శిక్షో కనిపిస్తే ‘మస్ట్ నాట్’. ‘ఆల్రెడీ’, ‘ఫ్రీ’, ‘ప్లెంటీ ఆఫ్ టైమ్’, ‘ఐ విల్ డూ ఇట్’ లాంటివి కనిపిస్తే పని అప్పటికే అయిపోయిందనో వేరేవాళ్ళు చేస్తారనో అర్థం, కాబట్టి ‘నీడ్ నాట్’ లేదా ‘డోంట్ హావ్ టు’. ఎంపికల్లో ఈ రెండూ ఉంటే ఖాళీ తర్వాత ‘టు’ ఉందో లేదో చూడండి. ‘యూ డోంట్’ అని ముందే ఇచ్చేసి ఉంటే ‘మస్ట్’ పనికిరాదు.

సాధన కోసం ఆరు వాక్యాలు. ముందు ‘కావాలంటే’ పరీక్ష పెట్టి, కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే కింద జవాబులు చూడండి. ఒకటి, ఈ మందు చిన్నపిల్లలకి ఇవ్వకూడదు. రెండు, అన్నయ్యా, నువ్వు స్టేషన్‌కి రానక్కర్లేదు, ఆటో ఉంది. మూడు, అమ్మ రేపు పనికి వెళ్ళక్కర్లేదు. నాలుగు, గొడుగు అనవసరంగా తెచ్చాం. ఐదు, నువ్వు ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆరు, మాకు నిన్న ఫీజు కట్టాల్సిన అవసరం పడలేదు.

ఒకటి: ‘దిస్ మెడిసిన్ మస్ట్ నాట్ బి గివెన్ టు స్మాల్ చిల్డ్రన్’. తెలుగులో కర్త లేదు కాబట్టి మందే కర్త అయింది, ‘బి’ వచ్చింది. రెండు: ‘యూ నీడంట్ కమ్ టు ది స్టేషన్’ లేదా ‘యూ డోంట్ హావ్ టు కమ్’. అన్నయ్యకి అప్పటికప్పుడు మనమే మినహాయింపు ఇస్తున్నాం కాబట్టి ‘నీడంట్’ ఇంకా బాగుంటుంది. మూడు: ‘మదర్ డజంట్ హావ్ టు గో టు వర్క్ టుమారో’ లేదా ‘వోంట్ హావ్ టు’. సెలవు ఇచ్చింది మనం కాదు, పనిచేసే చోటు. అందుకే ఇక్కడ ‘హావ్ టు’ సరిపోతుంది. నాలుగు: ‘వి నీడంట్ హావ్ బ్రాట్ ది అంబ్రెల్లా’. ఐదు: ‘యూ షుడ్ నాట్ హావ్ సెడ్ దట్’. ఇక్కడ ‘మస్ట్ నాట్ హావ్’ రాసి ఉంటే పైన జరిగిపోయిన వాటి భాగం ఇంకోసారి చదవండి. ఆరు: ‘వి డిడంట్ హావ్ టు పే ది ఫీజ్ ఎస్టర్‌డే’. ‘నీడంట్ హావ్ పెయిడ్’ అంటే డబ్బు కట్టేశారన్నమాట.